దుబాసీ రాజీనామా

జూన్ 4

పిచ్చుకా,

"రాజీనామా చేసేశాను అమ్మమ్మా" అని రాశావు. చెయ్యలేదు. రాజీనామా కాగితం ఇచ్చావు. అది చెయ్యడం కాదు, చేస్తానని చెప్పడం. పైఅధికారి దాని మీద సంతకం పెట్టి, నోటీసు గడువు తీరేదాకా నువ్వు ఆ కోర్టు దుబాసీవే. బడికి హెడ్‌మిస్ట్రెస్‌గా ఉన్నన్నాళ్ళూ నా బల్ల మీదికి ఇలాంటి కాగితాలు చాలా వచ్చాయి. లెక్కల మాస్టారైతే ఏటా పరీక్షల ముందు ఒకటి ఇచ్చేవాడు. దాన్ని బల్ల అద్దం కింద పెట్టి, పరీక్షలయ్యాక ఆయన చేతికే తిరిగి ఇచ్చేదాన్ని. చివర్లో ఆయన కొత్తది రాయడం కూడా మానేసి, పాతదాని మీదే తేదీ కొట్టేసి ఇవ్వసాగాడు. కాబట్టి రాజీనామాల సంగతి నాకు నేర్పకు.

ఆ ఒక్క మాటా కాక నీ ఉత్తరంలో ఉన్నదేమిటి? "జడ్జిగారు ఆపమన్నారు. ఆపేశాను. మర్నాడు కాగితం ఇచ్చాను. ఇక ఆ గదిలోకి వెళ్ళలేను." మా రోజుల్లో టెలిగ్రాం కూడా ఇంతకంటే ధారాళంగా ఇచ్చేవాళ్ళు. సరే, మిగతాది నేనే పూరించుకున్నాను. నిండు కోర్టులో ఒక పెద్దమనిషి నిన్ను నోరు మూసుకోమన్నాడు. నీకు పౌరుషం వచ్చింది. తప్పులేదు, మన ఇంట్లో దానికెప్పుడూ కొరత లేదు. మీ తాతయ్య ఓసారి ఒక బట్టల కొట్టుకి బోర్డు రాస్తుంటే కొట్టు యజమాని పక్కవాడితో "ఈ చెవిటి మాలోకానికి అక్షరాలు మాత్రం బాగా వచ్చు" అన్నాడట. తాతయ్య పెదాలు చదివేస్తాడని ఆ మహానుభావుడికి తెలియదు. ఈయన ఏమీ ఎరగనట్టు బోర్డంతా రాసి, యజమాని ఇంటిపేరులో ఒక్క దీర్ఘం పెట్టకుండా నిచ్చెన దిగి వచ్చేశాడు. ఆ దీర్ఘం కోసం ఆయన మన గుమ్మం చుట్టూ తిరిగిన తిరుగుడు నీకు చెప్పే ఉంటాను. కానీ మర్నాడు తాతయ్య కుంచె తీసుకుని ఇంకో బోర్డుకి వెళ్ళాడు. కుంచె విరగ్గొట్టుకోలేదు. అది గుర్తుపెట్టుకో.

ఫోను చేస్తానన్నావు. వద్దు. ఈమధ్య ఫోనులో నాకు మనుషులు చీమ దగ్గినట్టు వినపడుతున్నారు. పుట్టు చెవిటివాడితో జీవితమంతా కాపురం చేసి, ఆయన పోయాక నాకు చెముడు రావడమేమిటో. వచ్చేదేదో అప్పుడే వస్తే ఇద్దరికీ సుఖంగా ఉండేది. కాబట్టి ఉత్తరాలే రాయి. కాగితం నసగదు, గొణగదు.

ఇంకో సంగతి. మీ తాతయ్య చేతిమాట ఈ కుటుంబంలో సరిగా వచ్చినవాళ్ళం ఇప్పుడు ఇద్దరమే. మీ అమ్మకి వచ్చు గానీ, అత్తవారింటికి వెళ్ళిన దగ్గర్నుంచి నలుగురిలో చేతులు కొంగు కింద దాచుకోవడం నేర్చుకుంది. నువ్వు ఆ మాటని కోర్టు దాకా తీసుకెళ్ళి, ప్రమాణం చేయించి, జడ్జి పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టావు. అది చూడడానికి తాతయ్య లేడు. ఉంటే ఊళ్ళో ఖాళీ గోడ మిగిలేది కాదు. దాన్ని ఎవరో గదమాయించారని వదిలేస్తావా?

వెళ్ళి కాగితం వెనక్కి తీసుకో. తీసుకున్నానని రాయి. ఆ ఉత్తరం పొట్టిగా ఉన్నా ఏమీ అనను.

నీ మేలు కోరుతూ, కొంచెం కోపంగా,
అమ్మమ్మ

జూన్ 8

అమ్మమ్మకి,

జడ్జిగారిని అనవసరంగా ఆడిపోసుకున్నావు. ఆయన నన్ను పల్లెత్తు మాట అనలేదు. నేను మాట రాక నిలబడిపోతే ఆయనే "కాసేపు ఆపుదాం అమ్మా" అని మంచినీళ్ళు తెప్పించారు.  

తప్పు నాదే. నీకు ఇంట్లో అలవాటైన పనే ఇది, కానీ కోర్టులో పట్టింపు ఎక్కువ. సాక్షి చేతులు ఏం చెబితే అది నా నోటితో, తనే చెప్పినట్టు చెప్పాలి. పక్కన నిలబడి "ఆవిడ ఇలా అంటున్నారండీ" అనకూడదు. తను ఏడుస్తూ చెప్పినా నేను ఏడవకూడదు. ఒక మాట వదలకూడదు, ఒక మాట కలపకూడదు. ఆ గదిలో నేనొక దాన్ని ఉన్నానని ఎవరికీ గుర్తు రాకపోతే పని బాగా చేసినట్టు. ఇన్నేళ్ళుగా అలాగే నేను దొంగతనాలు చేశాను, దెబ్బలు తిన్నాను, విడాకులు అడిగాను. ఓ రోజు అన్నదమ్ముల తగాదాలో ఇద్దరి తరఫునా నేనే అయి, పొద్దున్నించి సాయంత్రం దాకా నన్ను నేనే తిట్టుకున్నాను. ఇంటికొచ్చి హాయిగా అన్నం తిన్నాను. ఎప్పుడూ ఏ ఇబ్బందీ లేదు.

కిందటి వారం ఒక సాక్షి ఒక మాట చెప్పింది. దాన్ని నేను నోటితో అనలేకపోయాను. జడ్జిగారు "చెప్పమ్మా" అన్నారు. నోరు తెరిచాను, రాలేదు. అవతలి లాయరు జాలిపడి "పోనీ, తను ఏం చెప్పిందో మీ సొంత మాటల్లో చెప్పెయ్యండి" అన్నాడు. నా సొంత మాటల్లోనా. అది అసలే రాలేదు. ఆవిడ చేతులు అలాగే గాల్లో ఉన్నాయి. చెప్పింది బయటికి వచ్చిందో లేదో అని నా పెదాలకేసి చూస్తోంది. వాయిదా వేశారు.

పౌరుషం కాదు అమ్మమ్మా. కుట్టలేని దర్జీ మిషను ముందు కూర్చుంటే ఎలా ఉంటుందో అలా ఉంది. అందుకే కాగితం ఇచ్చాను. ఏం మాట అని మాత్రం అడక్కు.

చెవుల డాక్టరు దగ్గరికి వెళ్ళమని నీకు చెప్పమంది అమ్మ. చెప్పాను.

నీ
పిచ్చుక

జూన్ 11

పిచ్చుకా,

జడ్జిగారికి నా క్షమాపణలు అందజెయ్యి. ఆయన మంచివాడని తెలియక వారం రోజులు ఆయన్ని తిట్టుకుంటూ గిన్నెలు తోమాను. గిన్నెలు తళతళలాడుతున్నాయి, ఆ మేరకు ఆయనకి రుణపడి ఉన్నాను.

ఏం మాట అని అడగవద్దన్నావు. అడగను, ఊహిస్తాను. కోర్టులో మనుషులు ఎలాంటి మాటలు వాడతారో నాకు తెలియనిదా? చదువుకున్న ఇంట్లో పుట్టి, బడిపంతులమ్మ ఒళ్ళో పెరిగితే ఇదే తిప్పలు. నాలుక మీదికి బూతు రాదు. తాతయ్య దగ్గరైనా నేర్చుకోవలసింది. మీ తాతయ్యకి చేతిమాటలో ఉన్నన్ని బూతులు నాకు నోటి మాటలో కూడా తెలియవు. బస్సులో కండక్టరు చిల్లర ఎగ్గొడితే ఈయన నాలుగు వేళ్ళతో ఘనమైన తిట్టొకటి తిట్టి, చెప్పు అన్నట్టు నాకేసి చూసేవాడు. నేను "చిల్లర ఇంకా రాలేదంటున్నారండీ" అనేదాన్ని. ఆయన నా పెదాలు చదివి, తన తిట్టు మొత్తం చేరలేదని ఈసారి నన్ను తిట్టేవాడు. చివరికి ఒక రోజు విసుగొచ్చి ఉన్నదున్నట్టు అనేశాను. బస్సంతా తిరిగి చూసింది. చిల్లర వచ్చింది. పక్క సీట్లో మా బడి పిల్లల తల్లి ఉన్న సంగతి దిగేటప్పుడు చూసుకున్నాను.

మా పెళ్ళి మాట ఎలా జరిగిందో నీకు ఎవరూ పూర్తిగా చెప్పలేదు. మా నాన్న పుస్తకాల కొట్టుకి బోర్డు రాయడానికి వచ్చాడు తాతయ్య. ఆ పని సాగినన్నాళ్ళలో నాకు చేతిమాట వచ్చింది. మామూలుగా ఒక పూటలో అయ్యే బోర్డు అది, ఎన్నాళ్ళు సాగిందో నువ్వే ఊహించుకో. ఆఖరి రోజున చేతులకి అంటిన రంగు కడుక్కుని, మా నాన్న కుర్చీ ముందు నిలబడి, చేతులతో చెప్పడం మొదలుపెట్టాడు. నేను పక్కన నిలబడి పైకి చెప్పాను.

"నేను మీ అమ్మాయిని పెళ్ళి చేసుకోవాలనుకుంటున్నాను."

మా నాన్న పేపరు దించాడు. "ఎవరు?"

"నేను."

"నువ్వెవరివే?"

"నేను కాదు నాన్నా, ఈయన. ఈయన మాట నేను చెబుతున్నాను."

"మరి నీ మాట?"

"అది ఇంకా ఎవరూ అడగలేదు."

తాతయ్యకి మా మధ్య నడిచేదేమిటో అర్థం కాక, ఇంకొంచెం నచ్చజెబుదామని మళ్ళీ చేతులు కదిపాడు. అదీ పొల్లుపోకుండా చెప్పాను. "మీ అమ్మాయిది నోరు కొంచెం పెద్దదని విన్నాను. నాకేం ఇబ్బంది లేదు, నాకెలాగూ వినపడదు." మా నాన్న నవ్వాడు. ఆ నవ్వుతో మా పెళ్ళి అయిపోయినట్టే.

చెప్పొచ్చేదేమిటంటే, నచ్చని మాటైనా, సిగ్గు పుట్టించే మాటైనా అనెయ్యాలి. అది నోటి మీదుగా పోతుందే గానీ నోట్లో ఉండిపోదు. ఇంత చిన్నదానికి కుర్చీ వదులుకుంటారా?

నువ్వు ఎలాగూ వెళ్ళి అడగవని, మీ కోర్టు రిజిస్ట్రారుగారికి నేనే రాశాను. నా మనవరాలు తొందరపాటున ఇచ్చిన కాగితం దయచేసి సొరుగులో ఉంచండి, తనకి తెలివి వచ్చాక తిరిగి ఇవ్వండి అని. బడి పేరు అచ్చేసిన కాగితాలు కొన్ని ఇంట్లో మిగిలాయి, వాటి మీదే రాశాను. రిటైరైన సంగతి రాయడం మరిచిపోయాను.

డాక్టరు మాటకి జవాబు మీ అమ్మకే చెబుతాను. నీకు చెప్పి పంపడం ఎందుకు, తనకీ దుబాసీ కావలసి వచ్చిందా?

ప్రేమతో,
అమ్మమ్మ

జూన్ 15

అమ్మమ్మా,

నిన్న రిజిస్ట్రారుగారు పిలిచి నీ ఉత్తరం నా ముందు పెట్టారు. అప్పటికే గుమాస్తాలందరూ చదివేశారు. "మీ హెడ్‌మిస్ట్రెస్‌గారు రాశారమ్మా" అన్నారు ఆయన, నవ్వు ఆపుకుంటూ. ముప్ఫై దాటిన దాన్ని. సెలవు చీటీ మీద ఇంట్లోవాళ్ళ సంతకం తెచ్చుకున్న పిల్లలా నిలబడ్డాను. నా కాగితం నిజంగానే సొరుగులో పెట్టారు. దుబాసీ దొరక్క కొట్టుకుంటున్నారేమో, నీ ఉత్తరం వాళ్ళకి భలే అక్కరకొచ్చింది. కాబట్టి ఇరవై ఐదున వాయిదాకి మళ్ళీ నేనే వెళ్ళాలి. అదే సాక్షి, అదే మాట దగ్గర్నుంచి.

అది బూతు కాదు.

ఆ సాక్షికి పుట్టుకతోనే వినపడదు. ఇస్త్రీ చేసి బతుకుతుంది. చంటిబిడ్డకి జ్వరమొస్తే ఆస్పత్రికి తీసుకెళ్ళింది. కిటికీ దగ్గర మనిషికి చేతులతో చెప్పింది. ఆయన ఒక నంబరు చీటీ ఇచ్చి బల్ల చూపించాడు. వెళ్ళి కూర్చుంది. నంబరు పిలిచారు. నోటితో పిలిచారు. పలకలేదని తర్వాతి నంబరుకి వెళ్ళిపోయారు. ఆవిడ బిడ్డని ఒళ్ళో పెట్టుకుని, ఎవరైనా తనవైపు చెయ్యి ఊపుతారేమోనని అందరి ముఖాలూ చూస్తూ కూర్చుంది. మధ్యలో లేచి కిటికీ దగ్గరికి వెళితే మళ్ళీ బల్లే చూపించారు. ఆస్పత్రి మీద కేసు వేసింది. నేను అనలేకపోయిన మాట ఇది: "నా బిడ్డ నా ఒళ్ళోనే చల్లబడిపోయింది."

రాయగలిగాను. చేతికి వచ్చింది. నోటికి రాలేదు.

మా పాప పోయాక ఆ రెండు మాటలు, నా బిడ్డ అని, నేను పైకి అనలేదు. ఒక్కసారి కూడా. ఆస్పత్రిలో "బేబీ" అన్నారు. మా ఆయన పాప అంటారు, అదీ వాళ్ళమ్మతో, నేను ఆ గదిలో లేనప్పుడు. మీరందరూ "అది" అంటారు. అదంతా అయ్యాక అని, అది మరిచిపోయి అని, అది మనసులో పెట్టుకోకుండా అని. పుట్టి వారం తిరక్కుండా పోయిన దానికి పేరెందుకన్నారు. పేరు లేదు కాబట్టి నాకు మిగిలింది ఆ రెండు మాటలే. వాటిని అలాగే దాచుకున్నాను. ఎప్పుడో ఒకరోజు, నా అంతట నేను, నా కోసం అందామని. అవి మొట్టమొదట స్టెనోగ్రాఫరు టైపు కొడుతుంటే, ఇంకొకరి బిడ్డ కోసం అనాల్సొచ్చింది. ఆవిడది ఆవిడకి ఇవ్వాలి, అది నా ఉద్యోగం. కానీ నోరు తెరిచేసరికి ఏది ఎవరిదో తెలియలేదు.

నోటి మీదుగా పోతుంది, ఉండిపోదు అని రాశావు. నీకు పోయింది. నాకు ఉండిపోయింది.

మొన్న సాయంత్రం ఆవిడ మా గేటు దగ్గరికి వచ్చింది. ఇల్లు ఎలా కనుక్కుందో, ఎవరి వెంట పడి అడిగిందో. గేటు పట్టుకుని ఒక చేత్తో అడిగింది. "ఎందుకు ఆపేశావు? నేను అబద్ధం చెబుతున్నాననుకున్నావా?" తను చెప్పింది నమ్మలేక నేను నోరు మూసుకున్నానని అనుకుంటోంది. జడ్జికి కూడా అలాగే అనిపించి ఉంటుందని భయపడుతోంది. లోపలికి వచ్చి తలుపు వేసుకున్నాను.

దయచేసి ఇక ఎవరికీ ఏమీ రాయకు.

పిచ్చుక

జూన్ 18

తల్లీ,

నీ ఉత్తరం చేతిలో ఉండగానే మీ అమ్మ వచ్చింది. చాలాసేపు తను ఏదో అడుగుతూనే ఉంది, నేను పలకలేదు. చెవులు పూర్తిగా పోయాయనుకుని డాక్టరు మాట మళ్ళీ మొదలెట్టింది. సరే వెళదామన్నాను. ఆశ్చర్యపోయి మళ్ళీ అడగలేదు.

ఎవరికీ ఏమీ రాయవద్దన్నావు. ఇంకొకటి రాశాను, మొదటిదాన్ని రద్దు చేస్తూ. ఈసారి తెల్లకాగితం మీద, రిటైర్డ్ అని వేసి. నా మనవరాలి మనసు తనకే తెలుసు, ఆ కాగితం మీద సంతకం పెట్టండి అని. వాయిదా లోపల అది వాళ్ళకి అందుతుందో లేదో చెప్పలేను.

ఆ పాపని నేను చూశాను. నీకు చెప్పే సందర్భం రాలేదు. నేను ఆస్పత్రికి వచ్చిన రోజున నువ్వు మందుల మత్తులో ఉన్నావు. నర్సు నన్ను పసిపిల్లల గది అద్దం దగ్గరికి తీసుకెళ్ళింది. పాప ఒళ్ళంతా కదలకుండా కుడి చెయ్యి ఒక్కటే తెరిచింది, మూసింది. మళ్ళీ తెరిచింది. మీ తాతయ్య ఉంటే దానికి ఏదో ఒక అర్థం చెప్పేవాడు. నేను చెప్పను. పసిపిల్లలందరూ అలాగే చేస్తారు. గోళ్ళు పెరిగి ఉన్నాయి, ఎవరూ కత్తిరించలేదేమిటని నర్సుని కసిరాను. ఆవిడ నాకేసి చూసి తల వంచుకుంది. పాప దక్కదని అప్పుడే నాకు తెలిసింది.

నీ బిడ్డ. అది కాదు. నీ బిడ్డని నేను చూశాను.

ఇక ఉద్యోగం మాట ఎత్తను. తాతయ్య మాట కోర్టులో లేకపోతే మన వంటింట్లో ఉంటుంది. ముందు అక్కడే పుట్టింది, దానికేం చిన్నతనం లేదు. కానీ ఒక్కటి చెబుతాను, కోప్పడాలంటే కోప్పడు. ఆ గేటు దగ్గరికి వచ్చిన మనిషిని అలా వదలకూడదు. ఆవిడ ఆస్పత్రిలో కూర్చుని నోళ్ళు కదలడం చూసింది. కోర్టులో నీ నోరు ఆగిపోవడం చూసింది. మీ ఇంటి దగ్గర తలుపు పడడం చూసింది. ఆవిడకి ఇవన్నీ వరసగా ఒకటే. కారణం ఎవరూ చెప్పరు, చెప్పినా వినపడదు. కేసు గెలుస్తుందో ఓడుతుందో మన చేతుల్లో లేదు. తను అబద్ధం చెప్పిందని దుబాసీ అనుకుంది అన్న బాధతో ఆవిడ ఆ బోనులోకి వెళ్ళకుండా చెయ్యడం మాత్రం నీ చేతుల్లోనే ఉంది.

వెళ్ళి చెప్పు. నోటితో చెప్పక్కర్లేదు. నోటితో చెబితే ఆవిడకి అర్థం కూడా కాదు.

వాయిదాకి వెళ్ళమని గానీ మానమని గానీ నేను చెప్పడం లేదు. ఆ విషయంలో నాకు సలహా లేదు. ఇలా రాయడం నా జన్మలో ఇదే మొదలేమో.

నీ
అమ్మమ్మ

జూన్ 27

అమ్మమ్మకి,

వెళ్ళాను. ఆవిడ ఉండేది ఒక సైకిల్ షాపు పైన గదిలో. గుమ్మం పక్కన స్విచ్చు నొక్కితే లోపల దీపం వెలుగుతుంది, మన ఇంట్లో ఉన్నలాంటిదే. తలుపు తీసి నన్ను చూసి, వెళ్ళి మళ్ళీ ఇస్త్రీ చేసుకోసాగింది. గదినిండా ఎవరివో తెల్ల చొక్కాలు వేలాడుతున్నాయి. కూర్చోమనలేదు. ఆవిడ తలెత్తేదాకా అలాగే నిలబడ్డాను. తలెత్తాక చెప్పాను.

అరచెయ్యి గుండె మీద. తర్వాత రెండు చేతులూ కలిపి ఒడి. నా బిడ్డ అని. తాతయ్య నేర్పినప్పుడు దాన్ని కాస్త ఊపమనేవాడు, గుర్తుందా. ఊపలేదు. ఒడి పట్టాక ఇక చేతులు దించడం నాకు చేతకాలేదు. ఎంతసేపు అలా ఉన్నానో. ఆవిడ ఇస్త్రీపెట్టె నిలబెట్టి, వచ్చి, నా చేతులు పట్టుకుని నెమ్మదిగా దించింది.

తర్వాత కూర్చోబెట్టి అడిగింది, నీ నంబరు ఎవరు పిలవలేదు అని. ఎవరూ తప్పు చెయ్యలేదు, అందరూ చెయ్యాల్సిందంతా చేశారు అన్నాను.  "అయితే నీకు కోప్పడడానికి కూడా ఎవరూ లేరు" అంది. అప్పుడు ఏడ్చాను. ఆవిడ ఏడవలేదు, ఎవరి చొక్కా జేబులోంచో రుమాలు తీసి ఇచ్చింది. ఉతికిందేలే అంది.

వెళ్ళేటప్పుడు చెప్పింది. "వేరేవాళ్ళు వస్తే మొదటినుంచీ చెప్పాలి. మొదటినుంచీ నేను చెప్పలేను. నువ్వే రా. నా ముఖం చూడకు, చేతులు మాత్రం చూడు. అప్పుడు నీకు తేలికవుతుంది." ముఖం చూడకపోతే సగం మాట పోతుంది, అడిగావో చెప్పావో కూడా తెలియదు అన్నాను. "సరే అయితే, చూడు" అని విసుక్కుంది. ఆ విసుగు చూసి నాకు నువ్వు గుర్తొచ్చావు.

కోర్టుకి నువ్వు రాసిన రెండో ఉత్తరం ఇరవై మూడునే వచ్చింది. రిజిస్ట్రారుగారు పిలిచి, "మూడోది రాకముందే సంతకం పెట్టేస్తానమ్మా" అన్నారు. వాయిదా అయ్యాక పెట్టమన్నాను. నెలాఖరు తేదీతో.

ఇరవై ఐదున ఆవిడ చేతులు చెప్పాయి, నేను చెప్పాను. నా బిడ్డ నా ఒళ్ళోనే చల్లబడిపోయింది. జడ్జిగారు నాకేసి చూడలేదు, ఆవిడకేసి చూశారు. అంటే నేను పని బాగానే చేశానన్నమాట. అవతలి లాయరు లేచి ఒకటే అడిగాడు. "బిడ్డకి అలా ఉంటే మీరు గట్టిగా ఎందుకు అరవలేదు?" ఆ ప్రశ్నని నేను ఈ చేతులతో ఆవిడకి చెప్పాలి. చెప్పాను. ఆవిడ జవాబు చెప్పింది, నేను పైకి అన్నాను. "అరిచాను. నా అరుపు బయటికి ఎలా వినపడుతుందో నాకు తెలియదు." ఆయన కూర్చున్నాడు. తీర్పు ఎప్పుడో తెలియదు.

ఇక కాగితం వెనక్కి తీసుకోవచ్చు కదా అని నువ్వు అడగవు, అడగనన్నావు. అయినా చెబుతాను. అమ్మమ్మా, నా గొంతు వణకలేదు. ఒక్క అక్షరం కూడా. ఇంటికొచ్చి తలుపు వేసుకుని, ఈసారి ఆ మాట నా కోసం అని చూశాను. వచ్చింది. కానీ కోర్టులో వచ్చినట్టే వచ్చింది. నెమ్మదిగా, స్పష్టంగా, టైపు కొట్టేవాళ్ళకి అందేలా. ఎన్నిసార్లు అన్నా అదే గొంతు. ఆవిడకి ఇచ్చినందుకు నాకు బాధ లేదు, ఇవ్వాల్సిందే. కానీ ఇంకెవరిదో ఒకటి, ఆ తర్వాత ఇంకొకటి అంటూ పోతే నాకు సొంతంగా ఏదీ మిగలదు. అన్నిటికీ ఆ గొంతే వస్తుంది. చేతుల్లో ఉన్నది మాత్రం ఇంకా నాదే. దాన్ని ఉంచుకుంటాను.

మొన్న నువ్వు రాసిన గోళ్ళ సంగతి నాకు తెలియదు. నాకెవరూ చెప్పలేదు. ఆ వాక్యం రోజూ చదువుతున్నాను.

నీ
పిచ్చుక

జూలై 1

పిచ్చుకా,

నీ ఉత్తరం అందింది. ఓదార్పు మాటల కోసం వెతికాను. నా అలమార నిండా పుస్తకాలే కదా, వాటిలో కావలసినన్ని ఉన్నాయి. ఒక్కటీ నీకు పంపదగ్గదిగా లేదు. చాలావరకు మగవాళ్ళు రాసినవి.

నువ్వు చేసింది సరైనదే. దానివల్ల నష్టం జరిగిందన్నదీ నిజమే. ఈ రెంటిలో ఒకటి చెప్పి రెండోది దాచడం నాకు చేతకాదు. వచ్చే నెల ఎవరో ఒకరు ఆ బోనులో నిలబడి, చేతులు గాల్లో పెట్టుకుని, కొత్త దుబాసీ పెదాలకేసి చూస్తారు. ఆ కొత్త మనిషి బాగా చెప్పవచ్చు, చెప్పలేకపోవచ్చు. నువ్వైతే చెప్పేదానివి. అది తలుచుకుంటే నాకు దిగులుగానే ఉంది. అలాగని నీ గొంతు పూర్తిగా ఖర్చయ్యేదాకా నిన్ను ఆ కుర్చీలో కూర్చోబెట్టమనేంత దుర్మార్గురాలిని కాను. దిగులు నాది, నేను పడతాను. నువ్వు దాన్ని కూడా నీ ఖాతాలో వేసుకోకు.

ఆ ఇస్త్రీ ఆవిడ నాకు నచ్చింది. అంత దుఃఖంలో విసుక్కోగలగడం మామూలు విషయం కాదు.

సోమవారం వస్తున్నాను, పొద్దుటి బండికి. స్టేషనుకి రానక్కర్లేదు, ఆటోవాడితో బేరమాడడానికి నాకు చెవులతో పనిలేదు. ఎన్నాళ్ళుంటానని అడక్కు. మనం మాట్లాడుకోవాలని కూడా లేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నా సరే. ఏదైనా చెప్పాలనిపిస్తే చెబుదువు గాని, అనిపించకపోతే చెప్పవద్దు. ఇన్నాళ్ళుగా నాతో చేతులతో మాట్లాడేవాళ్ళు లేక, కూరలు తరిగేటప్పుడు నాలో నేనే అనుకుంటున్నాను. పక్కింటావిడ కిటికీలోంచి చూసి, నాకు వణుకుడు రోగం పట్టుకుందని వీధంతా చెప్పింది.

మీ ఇంట్లో మెట్ల పక్కన, నీ బిడ్డ కోసం సిద్ధం చేసిన చిన్న గది ఉంది. నీ ఏ ఉత్తరంలోనూ దాని ఊసు లేదు. నేను అందులో పడుకుంటాను. హాల్లో పడుకుంటే మీ ఆయన నీళ్ళ కోసం లేచి నా మీద పడతాడు, ఆయనకీ మంచిది కాదు, నాకూ మంచిది కాదు. ఆ గదిలోంచి ఏదీ తియ్యకు, సర్దకు, ఎవరిచేతా సర్దించకు. మడతమంచం పట్టేంత చోటుంటే చాలు, మిగతావన్నీ ఎక్కడివక్కడే ఉండనీ. కిందటిసారి వచ్చినప్పుడే ఆ తలుపు బిగుతుగా ఉంది. ఇన్నాళ్ళూ వేసి ఉంటే ఇంకా బిగుసుకుపోయి ఉంటుంది. భుజంతో నెట్టకు. కుట్టుమిషను నూనె చిన్న సీసాల్లో అమ్ముతారు, ఒకటి కొనుక్కురా. వంటనూనె మాత్రం పొయ్యకు, దుమ్ము పట్టి మొదటికే మోసం వస్తుంది. పై కీలుకి రెండు చుక్కలు, కింది కీలుకి రెండు చుక్కలు వేసి, నూనె లోపలికి దిగేదాకా కాసేపు ఆగు. తర్వాత తలుపు నెమ్మదిగా తీసి, వేసి, మళ్ళీ తియ్యి. కారింది పాతగుడ్డతో తుడిచెయ్యి. కిటికీ గడియకి కూడా ఒక చుక్క.

అమ్మమ్మ